గుల్షన్ ట్యాంకర్ల కిరాయి

వరికుంటపాడు దాటి రెండు ఊళ్ళు పోయాక, పాలకేంద్రం ముందు రైతులు బండిని ఆపేశారని డ్రైవరు ఫోన్ చేసేసరికి గుల్షన్ ఆత్మకూరు షెడ్డులో టైర్ల బేరం చేస్తోంది. రెండు బిల్లులు రాలేదు, పాలు పొయ్యం, ట్యాంకరును కదలనివ్వం అంటున్నారట. ఇంకొకరైతే పాల కంపెనీకి ఫోన్ కొట్టి, మీ తగువు మీరు తీర్చుకుని నా బండి నాకు వదిలిపెట్టండి అని చేతులు దులుపుకునేవారు. గుల్షన్ ఆ రకం కాదు. టైర్లవాడిని అక్కడే కూర్చోబెట్టి కారు తీయించుకుని ఉదయగిరి దారి పట్టింది.

ఆ చుట్టుపక్కల జనం వహాబ్ గారి కంపెనీలు మూడు అంటారు. ఆత్మకూరులో పాలు చల్లబరిచే ప్లాంటు, ఉదయగిరిలో దాణా ఫ్యాక్టరీ, పాలు మోసే ట్యాంకర్లు. ఆ లెక్క గుల్షన్ చెవిన పడిందంటే వెంటనే దిద్దేది. పాలు మా భాయ్‌సాబ్‌వి, దాణా వాళ్ళబ్బాయి సైఫుల్లాది, ట్యాంకర్లు మాత్రం నావి అని. అనడమే కాదు, అయిదు బండ్ల వెనకా తన పేరు పెద్ద అక్షరాలతో రాయించింది. వెనకాల వచ్చే బస్సుల వాళ్ళంతా ఆ పేరు చదువుకుంటూ రావలసిందే.

ఆ పేరు ఊరికే రాలేదు. గుల్షన్ భర్త నిసార్, వహాబ్‌కు తమ్ముడు. నిండా నలభై ఏళ్ళు లేకుండానే గుండె ఆగి పోయాడు. మిగిల్చింది ఇద్దరు పిల్లల్ని, పాత ట్యాంకర్లు రెంటిని, వాటి మీద ఫైనాన్సు కంతుల్ని. భర్త పోయాక ఇల్లు కదలకుండా ఉండాల్సిన ఇద్దత్ గడువు తీరగానే వహాబ్ భార్య జాన్‌బీ డబ్బు పెట్టిన కవరు ఒకటి తెచ్చి ఇచ్చింది. ఇంట్లో చుట్టాలంతా ఉన్నారు. నెలనెలా ఇలా పంపుతారట, నువ్వు దేనికీ దిగులు పెట్టుకోవద్దు అంది. గుల్షన్ ఆ కవరు విప్పను కూడా విప్పలేదు. నా చేతులు బాగానే ఉన్నాయి, చేయి చాపే రోజు వస్తే చూద్దాంలెమ్మని అందరూ వింటుండగా తిప్పి ఇచ్చేసింది. జాన్‌బీ ముఖం చిన్నబోయింది. గుల్షన్‌కు ఆ రోజు తలుచుకుంటే చాలా ఏళ్ళ వరకూ గర్వంగానే ఉండేది. మనిషి చెడ్డది కాదు, కానీ ఆ గర్వం కొంచెం ఎక్కువే.

తర్వాత బండ్లు పాల కంపెనీకే తిప్పింది. రెండు మూడయ్యాయి, మూడు అయిదయ్యాయి. కూతురి పెళ్ళి చేసింది, కొడుకును ఇంజనీరింగ్ చదివించింది, బైపాస్ పక్కన ఒక ప్లాటు కొంది. ప్రతి రంజాన్‌కూ సంవత్సరం లాభం చూసి పేదలకు ఇవ్వాల్సిన జకాత్ తీసి, ఉదయగిరిలో దిక్కులేని ఆడవాళ్ళ ఇళ్ళకు తానే వెళ్ళి ఇచ్చేది. ఇచ్చేటప్పుడు ఒక్కో ఇంట్లో కాసేపు కూర్చుని, ఒకరి చెయ్యి కింద బతకాల్సిన పనిలేదు, ఏదో ఒక పని పట్టుకోండి అని చెప్పి వచ్చేది. విన్నవాళ్ళు తలూపేవాళ్ళు. డబ్బులిచ్చే మనిషి మాటకు తలూపకుండా ఎవరుంటారు.

పాలకేంద్రం దగ్గర బండి చుట్టూ ముప్పై మంది దాకా ఉన్నారు. క్యాన్లు వరసగా నేలమీద ఉన్నాయి. అందరికన్నా ముందు పెంచలమ్మ నిలబడి ఉంది. గుల్షన్ బండి ఆ ఊరికి మొదటిసారి వచ్చిన నాటి నుంచీ పాలు పోస్తున్న మనిషి. పాలిచ్చే రెండు బర్రెల్లో ఒకదాన్ని పోయిన వారమే కొండాపురం మనిషికి అమ్మేసిందని డ్రైవరు గుసగుసగా చెప్పాడు. బిల్లు రాక, మనవరాలి హాస్టలు ఫీజు కట్టలేక, సగం ధరకు తోలేసిందట.

గుల్షన్ కంపెనీ తరఫున సర్దిచెప్పబోయింది. మార్కెట్టు బాలేదని, బ్యాంకు వాళ్ళు ఆలస్యం చేస్తున్నారని, తనకు తెలిసిన నాలుగు మాటలూ చెప్పింది. పెంచలమ్మ చివరిదాకా విని నిదానంగా అడిగింది.

"మా పాలు దినామూ ఈడ నుంచి పోతానే ఉండాయి. తాగేవోళ్ళు దుడ్లు ఇయ్యకుండా తాగతా ఉండారా? ఆ దుడ్లు యాడికి పోతా ఉండాయో నీకన్నా తెలుసా, గుల్షనమ్మా?"

పాలు ఎక్కడ బయలుదేరి ఎక్కడ దిగుతాయో గుల్షన్ నిద్రలో అడిగినా చెప్పగలదు. డబ్బు దారి మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించకుండానే మాట ఇచ్చేసింది.

"కనుక్కుంటాను. మీ సొమ్ము ఎవురు తిన్నారో కనుక్కుని, ఆ మనిషిని తీసకొచ్చి ఈడ నిలబెడతాను. అల్లా సాక్షి."

జనం నమ్మారు. ఆమె మాట తప్పే మనిషి కాదని ఆ ఊళ్ళన్నిట్లో తెలుసు. పాలు పోశారు. బండి కదిలింది.

తిరుగు దారిలో గుల్షన్‌కు అనుమానమంతా సైఫుల్లా మీదికే పోయింది. దాణా అప్పుగా ఇస్తారు, పాల బిల్లులో పట్టుకుంటారు. అది అక్కడి పద్ధతి. రైతు చేతికి రూపాయి రాకముందే దాణా డబ్బు సైఫుల్లాకు చేరిపోతుంది. దానికి తోడు ఈ మధ్యే ఫ్యాక్టరీలో కొత్త మిషను దించాడు, కారు మార్చాడు. తండ్రి కంపెనీని కొడుకు పిండుకుంటున్నాడని ఆమె అక్కడికక్కడే తీర్పు చెప్పేసుకుంది. పైగా తన కళ్ళముందు పెరిగిన పిల్లవాడు ఇలా తయారయ్యాడే అని బాధ కూడా పడింది.

ఆ వారంలోనే బ్యాంకు వాళ్ళు ఒక మెలిక పెట్టారు. మూడు కంపెనీల లెక్కలూ కలిపి ఒకేసారి చూస్తే తప్ప పాల కంపెనీకి కొత్త అప్పు ఇవ్వబోమన్నారు. చూడడానికి నెల్లూరు నుంచి నిరోష అనే ఆడిటరు వచ్చింది. గుల్షన్ ట్రాన్స్‌పోర్ట్ కాగితాలు ఇవ్వక్కర్లేదని, అది వేరే మనిషి పేరున ఉంది కాబట్టి బ్యాంకుతో తాను మాట్లాడుకుంటానని వహాబ్ కబురు పంపాడు. కబురు తెచ్చింది జాన్‌బీయే.

ఎప్పుడూ ఆమే తెచ్చేది. ఆ ఇంట్లో మరదలు బావగారి ఎదుటపడి మాట్లాడదు. వాళ్ళ అత్తగారి కాలం నుంచీ వచ్చిన మర్యాద అది. వహాబ్ వసారాలో కుర్చీలో కూర్చుంటాడు, గుల్షన్ పరదా వెనక నిలబడుతుంది, జాన్‌బీ ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరుస్తుంది. ట్యాంకర్ల కిరాయి కూడా అలాగే కుదిరింది. ఏటా ఒకసారి వహాబ్ రేటు చెబుతాడు, జాన్‌బీ వచ్చి చెబుతుంది, గుల్షన్ సరేనంటుంది. పెద్దవాడితో బేరమాడడం అమర్యాద అని ఆమె ఒక్కసారి కూడా ఎక్కువా తక్కువా అనలేదు. టైర్లవాడితో పది రూపాయల దగ్గర పీకులాడే మనిషి, తన సంపాదనంతా వచ్చే ఆ ఒక్కచోట నోరు మెదపలేదు.

"భాయ్‌సాబ్‌తో చెప్పక్కా, ముందర నా కాగితాలే చూడమను," అంది గుల్షన్. "దాచుకునేది నాకేం ఉండాది?"

"వద్దులే గుల్షన్. ఊరుకోరాదా," అంది జాన్‌బీ. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఇంకోసారి అదే మాట అంది. కొడుకును కాపాడుకోవడానికి తల్లి పడే తిప్పలు అనుకుంది గుల్షన్. మనసులో కొంచెం జాలిపడింది, కానీ మెత్తబడలేదు. మరునాడే కాగితాలన్నీ కారులో వేసుకుని పోయి నిరోష ముందు పెట్టింది. దాణా ఫ్యాక్టరీని బాగా చూడమ్మా అని ఒక సలహా కూడా ఇచ్చి వచ్చింది.

నిరోష పిలిపించింది నాలుగు రోజుల తర్వాత. ప్లాంటు మేడమీద చిన్న గది. కింద పాలు దిగుతున్న చప్పుడు వినబడుతోంది. నిరోష వయసులో చిన్నదే కానీ మాట తూచి మాట్లాడుతుంది. ఈ పని ఎలా చేస్తారో ముందు చెప్పింది. మూడు కంపెనీలూ ఒక ఇంట్లో మూడు గదులు అనుకోమంది. ఈ గదిలోంచి ఆ గదిలోకి డబ్బు తిరుగుతుంటే ప్రతి గదిలోనూ సంపాదన ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకని వాళ్ళలో వాళ్ళు ఇచ్చిపుచ్చుకున్నదంతా ఆడిటర్లు ముందు లెక్కలోంచి కొట్టేస్తారు. వీధి వాకిలి లోంచి ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నదే మిగుల్చుకుంటారు. తర్వాత లోపల ఇచ్చిపుచ్చుకున్నవాటిని ఒక్కొక్కటే తీసి, ఇదే పని బయటివాడు చేస్తే ఎంత ఇచ్చేవారు అని అడుగుతారు.

గుల్షన్‌కు తేలిగ్గానే అర్థమైంది. దాణా సంగతి ఏమైందని ఆత్రంగా అడిగింది.

దాణా బాగానే ఉందట. సైఫుల్లా కంపెనీకి సగానికి పైగా గిరాకీ కలువాయి, కొండాపురం వైపు బయటి షాపుల నుంచి వస్తోంది. వాళ్ళకు ఏ ధరకు అమ్ముతాడో పాల కంపెనీ రైతులకూ అదే ధర. కొత్త మిషను అతని సొంత లాభంతో కొన్నదే. కారు ఫైనాన్సులో ఉంది, కంతులు అతని జీతంలోంచి పోతున్నాయి.

"మరి డబ్బు యాడికి పోతా ఉండాది?" అంది గుల్షన్.

నిరోష ఎదురు ప్రశ్న వేసింది. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు, ఇదే రోడ్డు మీద, ఇదే సైజు ట్యాంకరుకు బయటివాళ్ళు కిలోమీటరుకు ఎంత తీసుకుంటారో మీకు తెలుసా మేడమ్ అని అడిగింది. తెలియకేం, ఇరవై ఎనిమిది రూపాయలు అంది గుల్షన్. మీకు ఎంత వస్తోంది అంది నిరోష. నలభై ఒకటి. ఆ అంకె చెబుతూనే గుల్షన్ దానికి కారణం కూడా చెప్పసాగింది. తన బండ్లు టైముకు చేరతాయి, రోజూ ఆవిరితో కడిగిస్తుంది, ఇన్నేళ్ళలో ఒక్క లోడు పాలు విరగలేదు, ఊరికే ఇస్తారా అంది. చెబుతూ చెబుతూ ఆమె గొంతు తగ్గిపోయింది.

నిరోష విని, ప్లాంటులో బయటి ట్యాంకర్లు కూడా రెండు ఉన్నాయని, వాటినీ ఆవిరితోనే కడుగుతారని, అవీ ఎప్పుడూ ఆలస్యం కాలేదని చెప్పింది. వాటికి ఇరవై ఎనిమిదే. గుల్షన్ ట్రాన్స్‌పోర్టుకు వీధి వాకిలి లోంచి వచ్చిన రూపాయి ఒక్కటి కూడా లేదు, వచ్చిందంతా పాల కంపెనీ ఇచ్చిందే. బయటి రేటు ప్రకారం వేస్తే డ్రైవర్ల జీతాలు, డీజిలు, కంతులు పోగా ఏ సంవత్సరమూ ఏమీ మిగల్లేదు. మిగిలిందని మీరు అనుకున్నదంతా ఆ రేటు పైన ఎక్కువగా ఇచ్చిందే మేడమ్ అంది. పాల వ్యాపారం బాగున్నన్నాళ్ళు పాల కంపెనీ దాన్ని మోయగలిగింది. మూడేళ్ళుగా మోయలేక అప్పు చేస్తోంది. ఇప్పుడు అప్పు కూడా పుట్టక, రైతుల బిల్లు ఆపి మీ కిరాయి కడుతోంది.

గుల్షన్‌కు తల కొట్టేసినట్టయింది. ఆమె ముందుగా అనుకున్నది రైతుల గురించి కాదు, తన గురించే. కూతురి పెళ్ళి, కొడుకు చదువు, ప్లాటు, ఒక్కొక్కటే కళ్ళముందు నిలబడి, నేను నీ సంపాదన కాదు అన్నాయి. జకాత్ ఇచ్చి ఆ ఆడవాళ్ళకు చెప్పి వచ్చిన నీతులు గుర్తొచ్చేసరికి సిగ్గుతో చితికిపోయింది. వాళ్ళకూ తనకూ తేడా ఏముంది, వాళ్ళకు ఇచ్చేది ఎవరో తెలుసు, తనకు తెలియదు, అంతే. ఆ తర్వాతే పెంచలమ్మ బర్రె గుర్తొచ్చింది. అప్పుడు సిగ్గు పోయి భయం వేసింది. ఇరవై రోజుల కిందటి కిరాయి డబ్బు ఆమె ఖాతాలో ఇంకా కదలకుండా ఉంది.

సాయంత్రం అసర్ నమాజు ముగించుకుని వహాబ్ వసారాలో కూర్చున్నాడు. జాన్‌బీ ఎప్పటిలాగే పరదా దగ్గర నిలబడింది. గుల్షన్ తలమీద కొంగు సర్దుకుని, పరదా తొలగించుకుని ఇవతలికి వచ్చింది. జాన్‌బీ ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. వహాబ్ తల ఎత్తలేదు. తమ్ముడి భార్య గొంతు అంత దగ్గరగా ఆయన వినడం అదే మొదలు.

"భాయ్‌సాబ్, నాకు ఎందుకు ఎక్కువ ఇచ్చినారు? మీ నోటితో వినాలని వచ్చినాను."

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కవరు పంపితే తిప్పి పంపినావు," అన్నాడు. "మళ్ళీ పంపే ధైర్యం లేకపోయింది. నిసార్ పిల్లోళ్ళు ఇబ్బంది పడతా ఉంటే నేను ఈడ కూర్చుని అన్నం ఎట్లా తినేది? కిరాయి అంటే తీసుకుంటావు అనుకున్నాను. తీసుకున్నావు."

"మీ లాభంలో ఇచ్చి ఉంటే, తెలిసిన రోజు మీ కోసం దువా చేసేదాన్ని. పాలు పోసేవోళ్ళ బిల్లులో ఇచ్చినారు కదా."

"మొదట్లో నా లాభమే. అది పోయినాక ఆపలేకపోయినాను. రేటు తగ్గిస్తే ఎందుకు తగ్గించినారని అడగతావు. అప్పుడు ఇన్నాళ్ళు ఎందుకు ఎక్కువ ఇచ్చినానో చెప్పాల. చెబితే నీ తల దించేసినవాణ్ణి అవుతాను. ఈ నెల చూద్దాం, ఈ నెల చూద్దాం అని పోయింది."

ఆయన కంట్లో నీళ్ళు తిరిగాయి. గుల్షన్ కోపం తెచ్చుకుని వచ్చింది, ఆ కోపం ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. మోసం చేసినవాడైతే నాలుగు దులిపి పోయేది. ఈయన దయ చూపాడు. ఆ దయకు డబ్బు కట్టింది మాత్రం ఆయన కాదు, ఏమీ తెలియని పెంచలమ్మ. ఇది ఎవరి తప్పో పంచుకోవడానికి కూర్చుంటే తన వంతు చిన్నదేమీ కాదని ఆమెకు తోచింది. ఆ రోజు చుట్టాల ముందు కవరు విప్పి ఉంటే, ఇంత పెద్ద దారి తొక్కాల్సిన పని ఆయనకు ఉండేది కాదు.

చెప్పాలనుకున్నది చెప్పింది. రేపటి నుంచి తనకూ ఇరవై ఎనిమిదే. మూడు బండ్లు అమ్మేస్తుంది, రెండు నడుపుతుంది, అవి కూడా నిలబడకపోతే మూసేస్తుంది. ప్లాటు బేరం పెట్టింది, బండ్ల డబ్బు, ప్లాటు డబ్బు వస్తే ఆగిన బిల్లులు రెండూ తీరిపోతాయి. వద్దని వహాబ్ చెయ్యెత్తాడు కానీ ఆమె వినలేదు.

"ఇంకొకటి," అంది. అది చెప్పడానికి మాత్రం ఆమెకు చాలా కష్టమైంది. "బండ్లు మూసేస్తే నాకు జరుగుబాటు ఉండదు. ఇంటి మనిషికి ఇయ్యాలనుకుంటే, ఇంటి మనిషికి ఇచ్చినట్టు అక్క చేత ఇప్పించండి. మీ సొంతంలో నుంచి, ఎంతయినా సరే. ఇప్పుడు తీసుకుంటాను."

జాన్‌బీ పరదా పట్టుకుని ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున గుల్షన్ పాల బండిలోనే, డ్రైవరు పక్కన కూర్చుని వరికుంటపాడు అవతలికి పోయింది. సైఫుల్లా తోడు వస్తానన్నాడు. చాచీ, ఒక్కదానివే పోవద్దు, వాళ్ళు ఏమైనా అంటారు అన్నాడు. తన మీద ఆమె పెట్టుకున్న అనుమానం ఆ అబ్బాయికి తెలియదు. అతన్ని చూడలేక, వద్దులేరా అని బండెక్కేసింది.

జనం క్యాన్లతో వచ్చి నిలబడ్డారు. తిన్న మనిషిని తీసుకొస్తానంది కదా, వెంట ఎవరూ దిగలేదేమని బండిలోకి తొంగి చూశారు. పెంచలమ్మ చేతిలో చిన్న క్యాను ఉంది. మిగిలిన ఒక్క బర్రె పాలు.

"ఎవురంట?" అంది.

"నేనే," అంది గుల్షన్.

ఎక్కడా దాచకుండా చెప్పింది. ఎంత రావాలో, ఎంత వచ్చిందో, ఎందుకు వచ్చిందో అంతా చెప్పింది. వహాబ్ మీద ఒక్క మాట పడనివ్వలేదు. ఆగిన బిల్లులు నెల తిరిగేలోపల ఇస్తానని, తనకు తెలియకుండా జరిగిపోయిందని చెప్పి ఆగింది. ఎవరో వెనక నుంచి ఒక తిట్టు తిట్టారు. కొందరు పాపం అన్నారు. ఆ పాపం అన్న మాటకే ఆమె ఎక్కువ కుంగిపోయింది.

పెంచలమ్మ తిట్టలేదు, పాపమూ అనలేదు. ఆమెకు ఒకటే తేలలేదు. బండ్లు తిప్పే మనిషివి, పక్క బండివాడికి ఎంత వస్తుందో తెలిసినదానివి.

"అన్నేండ్లు నీకు ఎక్కువ వస్తా ఉంటే, ఎందుకు వస్తా ఉండాదని నీకు ఒక్క దినం అన్నా అనిపించలేదా, గుల్షనమ్మా?"

టైముకు చేరడం, ఆవిరితో కడగడం, విరగని లోడ్లు, అన్నీ నోటిదాకా వచ్చాయి. గుల్షన్ వాటిని మింగేసింది.

"అనిపించింది," అంది. "అడగలేదు."

బిల్లు చేతికొచ్చిన దినం పాలు పోస్తాను అని పెంచలమ్మ క్యాను ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ వెళ్ళిపోయారు. ఆ పొద్దు ఆ కేంద్రం నుంచి బండి ఖాళీగానే వెనక్కి తిరిగింది.